శిశిరములో ఒక అడవి దారి

ఉత్తర అమెరికాలో వెర్మాంట్ మొదలైన కొండ సీమలయందు సెప్టెంబరు నెల చివర మేపుల్ చెట్ల ఆకులు రంగు మారుటకు ఆరంభించును. పసుపు, నారింజ, ఎరుపు వన్నెలతో కొండలు కొన్ని వారములు వెలుగును. పిదప చెట్లు బోసిపోవును. ఆ శోభను చూచుటకై జనులు కార్లలో కొండదారుల వెంట ఊరూరు తిరుగుదురు. అక్కడ కాపురమున్న మనవారు పంపు ఛాయాచిత్రములను చూచి, ఇట్టి భాగ్యము మనకు లేదుగదా అని అనుకొను కుటుంబములు తెలుగునాట పెక్కు కలవు. ఆ భాగ్యము మనకును కలదు. దాని కాలము, కారణము, రంగుల వరుస మాత్రము వేరు. ఆ సంగతి తెలుపుటకే మేము ఈ వ్యాసమును తలపెట్టితిమి.

పడమటి దేశముల ఆకురాలు కాలమునకు తెలుగులో శరదృతువని పేరు పెట్టుట వాడుకయైనది. కాని మన శరత్తు ఆశ్వయుజ కార్తిక మాసములు. అప్పుడు మన అడవి నాలుగు నెలల వానను త్రాగి నిండు పచ్చగా నుండును. మనకు ఆకు రాలునది శిశిరమున, అనగా మాఘ ఫాల్గుణములయందు. ఇంగ్లీషు లెక్కలో ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి నెలలు.

దీనిని చూడదగిన దారి ఒకటి గోదావరి అడవులలో కలదు. కొత్తగూడెములో బయలుదేరి పాల్వంచ, బూర్గంపాడు అడ్డరోడ్డు, సారపాకల మీదుగా భద్రాచలమున గోదావరిని దాటి, చింతూరు చేరి, అక్కడినుండి కనుమదారిన మారేడుమిల్లికి పోవలెను. కొత్తగూడెమునుండి భద్రాచలమునకు సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారిలో ఒక విశేషమున్నది. ఒకే దినమున ప్రయాణము చేసినను, ఆరంభములో చెట్లు బోడిగా నుండును. ముందునకు పోయినకొలది పచ్చదనము హెచ్చుచుండును. క్యాలెండరులో తేదీ మారలేదు. మారినది నేలలోని నీరు. ఆకును చూచి నీటిని లెక్క గట్టవచ్చునన్న సంగతిని ఈ దారి మనకు చూపును.

ఆకు ఏల రాలునో ముందు తెలిసికొందము. చెట్టు వేళ్ల ద్వారా త్రాగిన నీటిలో తనయందు నిలుపుకొనునది బహు స్వల్పము. మిగిలినదంతయు ఆకులయందలి సన్నని రంధ్రములగుండా ఆవిరియై పోవును. వానలున్నన్నాళ్లు ఈ వ్యయము చెట్టునకు బరువు కాదు. మన సీమలో ఏడాది వానలో అధిక భాగము జూను మొదలు సెప్టెంబరు లోపుననే కురియును. సంక్రాంతి దాటునప్పటికి నేల పైపొర ఆరిపోవును, ఎండ ముదురును. అప్పుడు నిండు ఆకులతో నిలుచుట చెట్టునకు నష్టము. అందుచేత ఆకును విడుచును. చలి దేశములలో పగలు కురుచయగుట, చలి ముదురుట ఇందులకు సూచనలు. మన యొద్ద ప్రధానమైన కారణము నీటి ఎద్దడి.

విడుచుటలోను ఒక క్రమమున్నది. రాలుటకు ముందు చెట్టు ఆకులోని నత్రజని, భాస్వరములలో చాల భాగమును కొమ్మలోనికి తిరిగి తీసికొనును. ఆకునకు పచ్చదనమునిచ్చు పత్రహరితము విరిగిపోవును. అంతవరకు దాని చాటున నున్న కెరొటినాయిడ్లు బయటపడి ఆకు పసుపగును. కొన్ని జాతులలో ఆంథోసయనిన్ అను ఎర్రని పదార్థము అప్పుడే క్రొత్తగా పుట్టును. ఇంతలో కాడ మొదట పలుచని కణముల పొర ఒకటి సడలును. ఆ చోట బెండువంటి పొర ఏర్పడి గాయమును మూసివేయును. తరువాత చిరుగాలి చాలును. ఇది చూచుటకు అడవికే పోనక్కరలేదు. మన పెరటిలోని బాదము చెట్టు ఆకులు ఎర్రబారి రాలునది ఈ విధముననే.

ఇక బయలుదేరుదము. కొత్తగూడెము, పాల్వంచల నడుమను, ఆ పైనను ఉన్న అడవి పొడి అడవి. ఇచ్చట టేకు ప్రధానము. జానెడు మొదలు మూరెడు వరకు పొడవుండు టేకాకులు ముందు పసుపై, వెంటనే మట్టిరంగునకు తిరిగి, అప్పడములవలె ఎండి రాలును. నడచినచో పెళపెళ చప్పుడగును. ఎండ తీవ్రమగుటచేత రంగు చాల దినములు నిలువదు. వెర్మాంట్ శోభ ఇచ్చట టేకునందు వెదకరాదు. ఆ ఎరుపు కావలెనన్నచో చిరుమానును చూడవలెను. దాని ఆకు రాగిరంగునకు తిరిగి రాలును. మోదుగును చూడవలెను, ఆకులన్నియు విడిచిన బోడి కొమ్మలపై నారింజ ఎరుపు పూలు గుత్తులుగా విరియును. హోళీ పున్నమికి ఈ పూలనుండియే రంగు తీయుట పల్లెల ఆచారము. బూరుగు కూడ ఇట్లే ఆకులు లేని కొమ్మలపై ఎర్రని పెద్ద పూలు పూయును. ఆకులు అడ్డము లేకుండుటవలన పూలు దూరమునకు కనబడి పక్షులను పిలుచును. పిట్టలు తేనె త్రాగి పుప్పొడిని మోయును.

పాల్వంచ ప్రక్కన కిన్నెరసాని కలదు. దాని ఒడ్డున నిలిచినచో మనము చెప్పుకొన్న నీటిలెక్క కంటికి కనబడును. గట్టుమీది టేకులు బోడిగా నుండగా, ఏటి ఒడ్డున తెల్లమద్ది, నేరేడు చెట్లు పచ్చగా నుండును. రెంటి నడుమ దూరము కొన్ని గజములే. ఎండకాలమున గాలిలోనుండి చూచినవారికి అడవిలో వాగు ఎచ్చట పారునో చెట్ల పచ్చదనపు గీతయే చెప్పును.

సారపాక సమీపించునప్పటికి మరియొక పచ్చదనము ఎదురగును. వరుసలు తీర్చి నాటిన నీలగిరి తోటలవి. ఈ సీమవారు జామాయిల్ అందురు. సారపాకలోని కాగితపు మిల్లు వంటి వానికి కావలసిన కలప ఇట్టి తోటలలో పెరుగును. ఈ చెట్టు ఆకులన్నిటిని ఒక్కమారు విడువదు. తోటకు తోట ప్రయోజనము కలదు. కాని పచ్చగా నున్నదని దీనిని, బోడిగా నున్నదని టేకడవిని తూచరాదు. శిశిరమున బోడిగా నుండు అడవియే ఇచ్చటి సహజమైన అడవి.

హైవేనుండి ఒక దారి బూర్గంపాడు మీదుగా కుక్కునూరు వైపునకు పోవును. ప్రభుత్వ కాగితములలో బూర్గంపహాడ్ అనియు వ్రాయు ఈ ఊరి చుట్టుపట్ల, ఫాల్గుణమున అడవి వన్నె తగ్గిన వేళ, పొలములు రంగెక్కును. కళ్లములలో ఎండబోసిన మిరపపండ్లు ఎర్రని తివాసీలవలె కనబడును. కిన్నెరసాని ఈ ప్రాంతముననే గోదావరిలో కలియును. అప్పుడు గోదావరి ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయలుగా పారుచుండును. 2022 జులైలో ఇదే నది భద్రాచలమున 71.3 అడుగుల మట్టమునకు పెరిగినదన్నచో చూచినవారు నమ్మలేరు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. సంవత్సరములో ఒక భాగమున నీరు మితిమీరుట, మరియొక భాగమున కరవగుట ఈ సీమ లక్షణము. ఆకు విడుచుట ఈ లక్షణమునకు చెట్టు నేర్చుకొన్న సమాధానము.

1965లో ప్రారంభమైన వంతెన రాకమునుపు భద్రాచల యాత్రికులు గోదావరిని పడవలపై దాటెడివారు. ఊరు దాటిన కొలది దూరములోనే ఎటపాకయొద్ద ఆంధ్రప్రదేశ్ ఆరంభమగును. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము, భద్రాచలము పట్టణమును విడిచి, చుట్టునున్న మండలములను, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములను ఆ రాష్ట్రమున చేర్చిరి. అడవి మాత్రము సరిహద్దునకు ఇరువైపుల ఒక్కటే. కోయలు, కొండరెడ్లు ఇరువైపుల కలరు.

శబరి ఒడ్డున నున్న చింతూరు దాటి కనుమదారి ఎక్కుటతో అడవి స్వభావము మారును. కొండలు మేఘముల నడ్డగించుటచేత వాన అధికము. లోయలలో చెమ్మ చాలనాళ్లు నిలుచును. వెదురు పొదలు, పచ్చని గుబురులు, నీడగల మలుపులు వచ్చును. ఆకు రాలుట లేకపోలేదు. ఆలస్యముగను, కొన్ని చెట్లకు మాత్రమును జరుగును. ఉదయమున కొత్తగూడెము వద్ద బోడి కొమ్మలను చూచిన కన్నులకు సాయంకాలము మారేడుమిల్లి మరియొక ఋతువువలె తోచును.

మరి బోడి చెట్టు ఎండిన చెట్టా? కాదు. వ్యయమును ఆపిన పిదప అది లోతు వేళ్లతో నీటిని లాగి బోదెలో నింపుకొనును. 2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానవనమున అటవీశాఖవారు ఒక నల్లమద్ది బెరడును కోయగా నీరు ధారగా చిమ్మినది. ఆ చెట్టులో నీరుండునని వారికి చెప్పినవారు కొండరెడ్లు. ప్రయాణికులు చూచి ఆనందింపవలసినదేగాని అనుకరింపదగిన పని కాదది. కోతపడిన చెట్టునకు చీడ సులభముగా సోకును.

ఇట్లు కూడబెట్టిన నీటితోనే ఒక వింత జరుగును. వాన చుక్క పడకముందే, చైత్రపు ఎండలో, అనేక వృక్షములు చిగురించును. మన ఎరుపు అప్పుడు వచ్చును. రావి చిగురు, మామిడి చిగురు, ఇప్ప చిగురు రాగి ఎరుపుతో మెరయును. లేత టేకాకును అరచేత నలిపినచో చేతికి ఎరుపంటును. లేత ఆకును తీవ్రమైన ఎండనుండియు, పురుగులనుండియు ఈ ఎర్రని పదార్థము కాపాడునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. పడమట ఎరుపు వీడ్కోలు. మన యొద్ద ఎరుపు స్వాగతము. శ్రీరామనవమికి భద్రాచలము పోవు లక్షల జనులు ఈ చిగురుల నడుమనే పోవుదురు. తెలిసి చూచువారు కొందరే.

ఇక నేలమీది ఆకును గూర్చి ముఖ్యమైన మాట. రాలిన ఆకు చెత్త కాదు. అది నేలకు కప్పు, తొలకరి వానకు మట్టి కొట్టుకొనిపోకుండ ఆపును, కుళ్లి ఎరువగును, విత్తనములు దాని క్రింద తలదాచుకొనును. కాని ఫాల్గుణ చైత్రములలో అది మందువలె మండును. మన అడవులలో పుట్టు మంటలలో అత్యధిక భాగము మనుష్యులవలన పుట్టునవే. ఇప్పపూవు వేకువజామున నేల రాలును. ఎండుటాకుల నడుమ ఏరుట కష్టమని చెట్టు క్రింద నిప్పుపెట్టుట కొన్నిచోట్ల కలదు. తునికి మంచి చిగురు వేయునని నిప్పుపెట్టువారును కలరు. ఏబది ఆకుల కట్టలుగా కట్టి అమ్ము తునికాకు అడవి కుటుంబములకు ఎండకాలపు నగదు ఆదాయము. ఇట్టి అటవీ ఫలసాయముపై వారి హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. కనుక వారిని నిందించి ప్రయోజనము లేదు. ఇప్ప క్రింద ఆకు ఊడ్చి వలగాని పాతచీరగాని పరచుట, తునికి పొదలను నిప్పుతోగాక కత్తితో నరకుట మేలైన పద్ధతులు. మంట పోయినచోట పెద్ద టేకు బ్రదుకవచ్చును. ఇప్ప మొలక బ్రదుకదు. ఈ ఏటి పూవుకొరకు పెట్టిన నిప్పు రాబోవు తరముల పూచెట్టును కాల్చును.

అటవీశాఖవారు మంట వ్యాపింపకుండ ఆకు తొలగించి ఫైర్ లైన్లు వేయుదురు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుచున్నది. అయినను ఉపగ్రహమునకు కనబడునది మంట పుట్టిన తరువాతనే. పుట్టకుండ చూచువారు దారిన పోవు మనమే. కారునుండి విసరిన సిగరెట్టు ముక్క, చెట్టు క్రింద వంట చేసి ఆర్పక విడిచిన పొయ్యి ఒక కొండనంతను కాల్చుటకు చాలును.

ఈ దారిని చూడదలచిన కుటుంబములకు మా సలహా ఒకటే. వీలైనచో రెండుమారులు పొండు. మాఘము చివర ఒకమారు పోయినచో బోడి కొమ్మలను, మోదుగు పూలను చూతురు. చైత్రమున మరలిపోయినచో అవే చెట్లపై రాగి చిగురును చూతురు. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదురకముందే గోదావరిని దాటుడు. త్రాగునీరు వెంట నుంచుకొనుడు. చీకటి పడకముందే కనుమను దాటుడు. వండిన ఆహారమును ఇంటినుండియే తీసికొనిపొండు. అగ్గిపెట్టెను ఇంటనే విడుచుడు.