పేరు తెలియని వీరుడికి పహారా

తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని గోదావరి జిల్లాల్లో అందరూ మిలట్రీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఇంటికొకరైనా పటాలంలో చేరడం ఆ ఊరి ఆనవాయితీ. తాతల పతకాలను, యూనిఫాం ఫొటోలను అక్కడివాళ్లు ఆస్తిపత్రాలంత భద్రంగా దాచుకుంటారు. ఊళ్లో అమర జవాన్ల స్మారకం కూడా ఉంది.

ఇలాంటి ఊళ్ల కుర్రాళ్లు 1.6 కిలోమీటర్ల పరుగు పరీక్ష గెలిచి సైన్యంలోకి వెళతారు. శిక్షణ, సరిహద్దు, మంచుకొండలు, ఎడారి... పోస్టింగుల మాట ఎత్తగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. అమరుల స్మారకం దగ్గర కాపలా కూడా సైనికుడి డ్యూటీయే. అక్కడ శత్రువు ఉండడు, తుపాకీ పేల్చే పనీ ఉండదు. అయినా అది తేలిక డ్యూటీ కాదు.

1971 యుద్ధంలో అసువులు బాసిన జవాన్ల స్మృతికి ఢిల్లీ ఇండియా గేట్ కింద వెలిగించిన అమర్ జవాన్ జ్యోతిని 1972 జనవరి 26న ఇందిరాగాంధీ ఆవిష్కరించారు. నల్లరాతి దిమ్మె మీద తలకిందులుగా నిలిపిన తుపాకీ, దానిపై ఇనుప టోపీ. కింద ఎవరి దేహమూ లేదు. ఆ టోపీ ఫలానా వాడిదని చెప్పలేం కనుకనే అది అందరిదీ అయింది. త్రివిధ దళాల జవాన్లు వంతులవారీగా ఎండలో, చలిలో దానికి కాపలా కాశారు. 2022 జనవరి 21న ఆ జ్యోతిని పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు.

స్మారకం వద్ద పెద్దలు పుష్పగుచ్ఛం ఉంచే వేళ ‘సలామీ శస్త్ర్’ అన్న ఆజ్ఞకు గౌరవ దళం తుపాకులు పైకెత్తి వందనం చేస్తుంది. ‘శోక్ శస్త్ర్’ అనగానే తుపాకీ మొన నేలకు తిరుగుతుంది, తలలు వంగుతాయి, బ్యూగిల్ మోగుతుంది. అంతమంది ఒక్కసారిగా, ఒక్క తీరుగా కదలడం వెనుక ఎంతో సాధన ఉంటుంది. కదలడం కన్నా కదలకుండా ఉండడమే కష్టం.

అమెరికాలో ఈ విధిని ఇంకా కఠినం చేశారు. ఆర్లింగ్టన్‌లోని అజ్ఞాత సైనికుడి సమాధికి 1937 నుంచి రాత్రీ పగలూ కాపలా ఉంది. గార్డు 21 అడుగులు నడుస్తాడు, సమాధి వైపు తిరిగి 21 సెకన్లు నిలుస్తాడు, మళ్లీ వెనక్కి 21 అడుగులు. 21 తుపాకుల వందనానికి అది గుర్తు. నెలల తరబడి శిక్షణ పొంది, పరీక్షల్లో నెగ్గినవారికే గార్డు బ్యాడ్జీ దక్కుతుంది. ఆ తర్వాత వేరే విధులకు వెళ్లినా, సైన్యం నుంచి బయటికొచ్చినా, దానికి మచ్చ తెచ్చే పని చేస్తే బ్యాడ్జీని వెనక్కి తీసుకోవచ్చు.

పేరు లేనివాడికి ఇంత మర్యాద చేసే మన సైన్యమే పేర్లను కూడా అంతే శ్రద్ధగా కాపాడుతుంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం వచ్చాక అమరులైన పాతికవేల మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు పేరు కూడా వాటిలో ఒకటి.

స్వాతంత్ర్యానికి ముందటి యుద్ధాల్లో, పరాయి గడ్డ మీద పోయిన మనవాళ్ల సంగతే ఇప్పుడు పట్టించుకోవాలి. వాళ్ల పేర్లు సింగపూర్‌లో, ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో స్మారకాల మీద ఉండవచ్చు. గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనైనా ముత్తాతల నాటి పతకం ఉంటే దాని అంచు ఒకసారి పరీక్షగా చూడండి. మొదటి ప్రపంచ యుద్ధ పతకాల అంచున సాధారణంగా సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆ యుద్ధంలోనే ప్రాణాలు విడిచిన వారైతే, కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డుల్లో ఆ వివరాలతో వెతకవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఆ పేరు రాసి పెట్టండి.