గేమ్ పెట్టగానే స్క్రీన్ నల్లబడుతోందా? గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఎస్‌ఎంపీఎస్ చూడండి

పాత డెస్క్‌టాప్‌లో విండోస్ బాగానే వస్తుంది, గేమ్ మొదలుపెట్టగానే డిస్‌ప్లే పోతుంది. వెంటనే అందరి అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికే. కానీ ఊరికే ఉన్నప్పుడు కార్డు లాగే కరెంటు చాలా తక్కువ. గేమ్ నడిచేటప్పుడే 12 వోల్ట్ లైన్ మీద లోడ్ పడుతుంది, ముసలి ఎస్‌ఎంపీఎస్ అక్కడే చేతులెత్తేస్తుంది.

కార్డు తీసేసి మానిటర్‌ను మదర్‌బోర్డు వీజీఏ పోర్టుకు కలపండి. డిస్‌ప్లే నిలబడితే తప్పు కార్డుదో, పవర్‌దో. మళ్లీ కార్డు పెట్టి, గేమ్ నడుస్తుండగా మోలెక్స్ కనెక్టర్ పసుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్‌తో చూడండి. 11.4 వోల్ట్‌ల కంటే తగ్గితే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. క్షణంపాటు పడి లేచే వోల్టేజ్ మీటర్‌కు దొరక్కపోవచ్చు. అందుకే నా ఓటు, ఫ్రెండ్ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక పూట అడిగి తెచ్చి పెట్టి చూడటానికే.

స్టిక్కర్ మీద 450 వాట్స్ అని చూసి మురిసిపోకండి. 12 వోల్ట్ దగ్గర 16 ఆంప్స్ అని ఉంటే ఆ లైన్‌కు దక్కేది 192 వాట్సే!

బోధన్ వైపు ఊళ్లల్లో బోరు మోటార్లు నడిచే టైంలోనే ప్రాబ్లం వస్తుంటే ఇంటి వోల్టేజ్ కూడా ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. వోల్టేజ్ తగ్గేకొద్దీ ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఆ వేడికి కెపాసిటర్లు త్వరగా ఎండిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపల 300 వోల్ట్‌ల దాకా మిగిలి ఉండొచ్చు.