మూడో తరగతి చివరి వరస

ఊరి బడి మంచిదా కాదా అని తేల్చడానికి గోడల రంగు చూస్తున్నాం, బోర్డు మీద మీడియం చూస్తున్నాం, గేటు ముందు వ్యాను ఆగుతుందా లేదా చూస్తున్నాం. లోపలికి వెళ్లి ఒక్క పూట కూర్చున్నవాళ్లు ఎంతమంది?

మార్చి నెలాఖరులో మా చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, పాపని వచ్చే ఏడు ఊరి బడిలోనే వేద్దామనుకుంటున్నా. మీ మరిది ఒప్పుకోవట్లేదు. వీధిలో పిల్లలందరూ వ్యానెక్కి పోతుంటే మన పిల్లని అక్కడ కూర్చోబెడతావా అంటున్నారు. నువ్వు చదువుల మీద రాస్తుంటావు గదా, ఒకసారొచ్చి బడి చూసి చెప్పు."

ఏళ్ల తరబడి బడుల గురించి రాస్తున్నాను. మన ఇంటి పిల్ల సంగతి వచ్చేసరికి మాత్రం ఏం చూడాలి, ఏం చెప్పాలి అని రెండు రాత్రులు ఆలోచించాను. మూడో రోజు బస్సెక్కాను.

మార్కాపురం వైపు మెట్ట ఊరు అది. వాన పడితే పంట, లేకపోతే వలస. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. బెల్లు కొట్టకముందే వెళ్లి వేపచెట్టు కింద నిలబడ్డాను. ఐదు తరగతులకూ కలిపి ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. హెడ్మాస్టరు ఒకరు, టీచరమ్మ ఒకరు.

తాళం ఎవరి దగ్గర?

బడి ఎలా ఉందని ఊళ్లో ఎవరినడిగినా ముందు గోడల గురించే చెప్పారు. ఆంధ్రలో బడులను బాగుచేయడానికి 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలోనే 15,715 బడుల్లో పనులు చేపట్టారు. తెలంగాణలో 2022లో 'మన ఊరు-మన బడి' తొలి విడతకు 9,123 బడులను ఎంచుకున్నారు. బల్లలు, ఫ్యాన్లు, మంచినీళ్లు, ప్రహరీలు వచ్చాయి. వీటిని నేను తేలిగ్గా తీసుకోను. పొద్దున నీళ్లు తాగితే మధ్యలో లేవాల్సొస్తుందని గొంతు తడుపుకోకుండా బడికెళ్లి, సాయంత్రం దాకా ఉగ్గబట్టుకున్న ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని.

అందుకే ముందు మరుగుదొడ్డి దగ్గరికి వెళ్లాను. కట్టారా లేదా అన్నది కాగితాల్లోనే ఉంటుంది. బడుల వివరాలన్నీ నమోదయ్యే యూడైస్ లెక్కల్లో ఏ బడికి ఎన్ని గదులు, ఎందరు టీచర్లు, ఎన్ని మరుగుదొడ్లు అన్నది ఎవరైనా చూసుకోవచ్చు. తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఆ లెక్కల్లో ఉండదు. వెనకెప్పుడో ఒక బడిలో రెండు గదులు చూశాను. శుభ్రంగా ఉన్నదానికి తాళం వేసి చెవి టీచర్ల బల్ల సొరుగులో పెట్టారు, రెండోది పిల్లలకు వదిలేశారు. ఇక్కడ తాళమే లేదు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. బకెట్లో మగ్గు ఉంది. నేను అక్కడుండగానే ఒకటో తరగతి పిల్ల ఎవరినీ అడక్కుండా వెళ్లొచ్చి చేతులు కడుక్కుని మళ్లీ తన చోట కూర్చుంది. అడక్కుండా వెళ్లొచ్చిందే, అది నాకు బాగా నచ్చింది.

ముత్యాల్లాంటి రాత

నోటుబుక్కులు చూసి బడిని అంచనా వేయడం మనకు అలవాటు. అందులో నేనొకసారి బోల్తా పడ్డాను. ఒక బడిలో నాలుగో తరగతి పిల్లాడి పుస్తకం తెరిస్తే అక్షరాలు ముత్యాలే. పేజీ పేజీకి ఎర్ర సిరా టిక్కు, కింద 'గుడ్'. ముచ్చటపడి, నువ్వు రాసిందే చదువు నాన్నా అన్నాను. చదవలేకపోయాడు. మూడేళ్లుగా బోర్డు మీదున్నది చూసి గీస్తున్నాడు, అంతే. చూచిరాత బాగుంది కాబట్టి వాడికి చదవడం రాదన్న సంగతి ఇంట్లోవాళ్లకూ తెలీదు.

కంఠస్థం ఇంకో మాయ. పాఠం మొదటి నుంచి అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. పేజీ మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి అడగండి. లేదా పిల్లలెప్పుడూ చూడని కథ పుస్తకం ఇవ్వండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే చేసేదీ దాదాపు ఇదే. బడికి కాదు, ఇళ్లకే వెళ్లి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, భాగహారం. ముఖ్యంగా ఇవే. 2024 సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. కరోనా తర్వాత, 2022లో 16.3 శాతానికి పడిపోయి, అక్కడి నుంచి లేచిన లెక్క ఇది. లేచింది, నిజమే. నూటికి డెబ్బై ఆరుగురికి పైగా ఇంకా చదవలేకపోతున్నారన్నది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. మూడో తరగతి దాటేసరికి చదవడం రాని పిల్లకు నాలుగులో, ఐదులో ఏ పాఠమైనా చెవిటివాడి ముందు శంఖమే. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు వచ్చి తీరాలని 2021 జులైలో కేంద్రం 'నిపుణ్ భారత్' పెట్టుకున్నదీ, 2022లో తెలంగాణ 'తొలిమెట్టు' మొదలుపెట్టిందీ ఇందుకే.

కాబట్టి ఏ బడికి వెళ్లినా నేను మూడో తరగతిలోకే వెళ్తాను. వెళ్లి చివరి వరసలో కూర్చుంటాను. ముందు వరస పిల్లలు ఏ బడిలోనైనా చదువుతారు. ఇంట్లో అమ్మో నాన్నో చెప్తారు, లేదా ట్యూషన్ ఉంటుంది. బడి ఒక్కటే దిక్కయిన పిల్లలు వెనక ఉంటారు. వాళ్లకు వచ్చిన ప్రతి అక్షరం బడి ఇచ్చిందే.

ఒత్తు మీద వేలు

ఈ బడిలో చివరి వరసలో కిటికీ పక్కన ఒక పిల్ల కూర్చుని ఉంది. జడకు రబ్బరు బ్యాండు, చేతివేళ్ల చివర్లు ఇంకా కందిపోయి ఉన్నాయి. గోడకు కట్టిన తాడు మీద కథల పుస్తకాలు బట్టల్లా వేలాడుతున్నాయి. అంచులు నలిగి, ఒకటి రెండింటికి అట్టలు ఊడిపోయి ఉన్నాయి. నలగని పుస్తకాలున్న బీరువాలు చాలా బళ్లలో చూశాను, పోతే లెక్క చెప్పాలని తాళం వేసేస్తారు. ఇక్కడ ఆ పిల్లే లేచి ఒక పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"చె... రు... వు. చెరువు. చెరువులో కపలు..."

ఆగింది. అర్థం కావట్లేదని తనకే తెలుస్తోంది. నేను నోరు తెరవబోతుంటే టీచరమ్మ కళ్లతోనే వద్దన్నారు. వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, 'కప్పలు'లో ప వత్తు మీద వేలు పెట్టి మూశారు. "ఇప్పుడు చదువు." "కపలు." వేలు తీశారు. "ఇప్పుడు?" పిల్ల పెదాలు రెండుసార్లు కదిలాయి. "కప్... కప్పలు! కప్పలు టీచర్!" అని పక్క పిల్ల వీపు మీద చరిచింది.

ఆ తర్వాత వరండాలో టీచరమ్మ నాతో అన్నారు: "జూన్‌లో వచ్చినప్పుడు గుణింతాలే రావండీ దీనికి. దసరాకి పదాలు చదివింది. సంక్రాంతి కాగానే అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతలకి పోయింది. రెండు నెలలు లేదు. మొన్ననే వచ్చింది. నేర్చుకున్నది మర్చిపోయుంటుందని భయపడ్డా. ఒత్తుల దగ్గరే ఆగుతోంది, అంతే."

చేతివేళ్లు ఎందుకు కందిపోయాయో అప్పుడర్థమైంది. టీచరమ్మ దగ్గరున్న చిన్న పుస్తకంలో ముప్ఫై ఎనిమిది మందికీ తలా ఒక పేజీ ఉంది. ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎప్పటి నుంచి అన్నవి అందులో రాసుకున్నారు. ఒకడి పేజీలో '52-17=45' అని రాసి పక్కన 'చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసేస్తున్నాడు, పుల్లల కట్టలతో మళ్లీ' అని ఉంది. ఆ ఒక్క వాక్యంలో నాకు బడి కనిపించింది. తప్పు అని కొట్టేసే టీచర్లు బోలెడుమంది, ఆ తప్పు ఎలా పుట్టిందో వెతికేవాళ్లు తక్కువ.

వ్యాను దిగిన చదువు

మా మరిది వాదనను కొట్టిపారేయలేను. ఆయన ఇంగ్లిషు రాక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. పిల్ల అలా కాకూడదంటారు. ప్రైవేటులో మార్కులు ఎక్కువొస్తాయన్న మాటకు మాత్రం నా దగ్గర ఒక జవాబుంది. అది మన నేల మీద తేలినదే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 పల్లెల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లను ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగు, లెక్కల్లో లాటరీ గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకెళ్లినవాళ్లు బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు మరి. ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయమే ఇచ్చాయి, ఒక్కో పిల్లకు సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టలేదు, అయినా సమానంగా నిలిచాయి. ఆ ఘనత వాటికి దక్కాల్సిందే. కానీ మనం మామూలుగా చూసే మార్కుల తేడాలో చాలా భాగం ఇంటి నుంచి వచ్చేది. చదువుకున్న అమ్మ, ఖాళీ ఉన్న నాన్న, కడుపు నిండా టిఫిను, ఇవన్నీ పిల్లతో పాటే వ్యానెక్కుతాయి. మార్కుల జాబితాలు పక్కపక్కన పెడితే ఏ బడి ఎక్కువో తెలియదు, ఏ ఇంట్లో ఎంత ఉందో తెలుస్తుంది. పిల్ల ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో చూస్తేనే బడి సంగతి తెలిసేది.

ఇంగ్లిషు సంగతి అంటారా, ఇప్పుడు సర్కారు పుస్తకాల్లోనే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉంటోంది. ఒక భాషలో అక్షరం గుట్టు దొరికిన పిల్లకు రెండోది అందుతుంది. ఏదీ దొరకని పిల్ల రెండు పేజీల మధ్య ఖాళీగా కూర్చుంటుంది.

రెండు జతల కళ్లు

నాకు దిగులు పుట్టించింది వేరే ఉంది. ఐదు తరగతులకు ఇద్దరే. విద్యా హక్కు చట్టం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. లెక్క ప్రకారం ఈ బడికి లోటు లేదు. హెడ్మాస్టరు కాంప్లెక్స్ మీటింగుకో, ఎంఈవో ఆఫీసుకో పోతే మిగిలేది ఒక్కరు. ఆ పూట ఐదు తరగతులూ ఒకే గదిలో. అన్ని తరగతులకూ ఇలా ఒక్కరే చెప్పడం చేతకాని పని కాదని మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ చూపించింది. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపిన చిన్న బడుల్లో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచి ఎక్కుతుంది, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు సాయం చేస్తారు. చెన్నై కార్పొరేషన్ బడులు అక్కడి నుంచే ఈ పద్ధతి నేర్చుకున్నాయి. మన దగ్గర పుట్టిన పద్ధతి మన బడులన్నిటికీ చేరకపోవడం నా మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ టీచరమ్మ సొంతంగా అలాంటి కార్డులే అట్టముక్కల మీద రాసుకున్నారు. ఆమె బదిలీ అయిపోతే ఆ అట్టముక్కల గతేమిటని అడిగాను. హెడ్మాస్టరు నేల చూశారు.

పన్నెండున్నరకు భోజనం. గుడ్డు ఉన్న రోజు. ఆంధ్రలో వారానికి ఐదు గుడ్లు, తెలంగాణలో మూడు. వంటామె కిటికీ పక్క పిల్ల కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె పప్పు పోసింది. టీచర్లిద్దరూ పిల్లల అన్నమే తిన్నారు. ఉప్పు తక్కువైందని హెడ్మాస్టరు అంటే, నిన్న ఎక్కువైందన్నారుగా సార్ అని వంటామె.

సాయంత్రం చెల్లి ఇంటి అరుగు మీద నేను చూసిందంతా చెప్పాను. మరిది చివరిదాకా విన్నారు. "టీచరు మంచిదే వదినా. వెళ్లిపోతే?" అన్నారు. ఆయన సరైన చోటే వేలు పెట్టారు. అందుకే విద్యా కమిటీ గురించి చెప్పాను. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది అమ్మానాన్నలే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో రాసి అడిగే హక్కు ఆ కమిటీది. టీచరు ఖాళీ అయితే మళ్లీ వేయమని అడగాల్సింది వాళ్లే. వ్యాను ఎక్కించినవాళ్లకు ఆ కుర్చీ ఉండదు.

జూన్‌లో పాప ఊరి బడిలో చేరింది. తర్వాతి నెల కమిటీ మీటింగుకి చెల్లి వెళ్లింది. మూడు విషయాలు రాశారట. వంటగది రేకులు కారుతున్నాయి, మార్పించాలి. టీచరమ్మ కార్డులు ఇంకో జత రాయించి బీరువాలో ఉంచాలి. మూడోది చెల్లి అడిగి రాయించింది: మిరప కోతలకు పోయేవాళ్ల పిల్లల్ని ఊళ్లో నానమ్మల దగ్గర ఉంచేలా సంక్రాంతికి ముందే ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపింది. కింద తొమ్మిది సంతకాలు, నాలుగు వేలిముద్రలు ఉన్నాయి. కిటికీ పక్క పిల్ల వాళ్లమ్మది ఎడమ పక్క రెండో వేలిముద్ర అని చెల్లి ఫోన్లో చెప్పింది.