పురుగుమందునకు బిల్లు, రైతునకు బలము



మన భాషలో 'మందు' అను మాట ప్రాణము నిలుపుదానికిని చెల్లును, ప్రాణము తీయుదానికిని చెల్లును. అందుచేతనే ప్రభుత్వమువారు ఇట్టి సరుకును ఉప్పు, బెల్లములవలె అమ్మనీయరు. నల్లమందు అమ్మకమును కట్టుదిట్టము చేయుటకు 1878లోనే చట్టము పుట్టెను. ఇప్పుడు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దానికి వర్తించును. మఱియు 2014 మార్చి 1వ తేదీ మొదలు, నిద్రమాత్రలు, క్షయరోగపు మందులు మొదలగు కొన్నిటిని అమ్మునపుడు, వ్రాసి యిచ్చిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణము ప్రత్యేక పుస్తకమున నెక్కించి, ఆ పుస్తకమును మూడేండ్లు దాచవలెను.

మన చేలలో చల్లు పురుగుమందులకును ఇట్టి లెక్కయే కలదు. దాని పుట్టుక మిక్కిలి శోచనీయము. 1958లో ఓడలో ఆహారపదార్థములతోపాటు వచ్చిన పురుగుమందు వానిలో కలియగా, కేరళ, మద్రాసు రాష్ట్రములలో నూరుమందికి పైగా మరణించిరి. పిమ్మట 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నిబంధనలును వచ్చినవి.

ఆ నిబంధనల సారము ఇది. అమ్మువానికి లైసెన్సు ఉండవలెను. అది దుకాణమున నలుగురికి కనబడునట్లు వ్రేలాడవలెను. తినుబండారములు అమ్ముచోట పురుగుమందు అమ్మరాదు. ప్రతి అమ్మకమునకును బిల్లు ఈయవలెను; రిజిస్టరులో మందువారీగా వ్రాయవలెను; నెలనెలా లెక్కను అధికారికి పంపవలెను. గడువు దాటిన సరుకును వేరుచేసి, అమ్మరాదని ముద్ర వేయవలెను.

ఈ వ్రాతకోతలతో మనకేమి పనియని కొందఱందురు. పత్తిపంట ఆదోని మార్కెట్టుకు చేరువఱకు అప్పుమీద మందు తెచ్చుకొనువారు మనలో పెక్కురు. అంగడివాడు చిన్న చీటీపై మొత్తము మాత్రము గీకి యిచ్చును. మందు నకిలీదై పురుగు చావకున్నచో, పంట పోవును, అప్పు మిగులును. ఏ మందు, ఎవరి తయారీ, ఎప్పుడు కొన్నదియు చెప్పుటకు చేత కాగితముండదు.

కాగితమున్నవాని మాట వేఱు. మొలకెత్తక, పంటనీయక నష్టము కలిగించిన విత్తనముల విషయమై కర్నూలు మొదలగు జిల్లాల రైతులు వినియోగదారుల న్యాయస్థానములకు పోయిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక సాగి, రైతు కూడ వినియోగదారుడే యని 2012 జనవరిలో తీర్పు వచ్చెను. ఆ తీర్పు విత్తనములను గూర్చినదైనను, మందు కొన్న రైతునకు కూడ ఈ దారి తెఱచియే యున్నది. 2019 నాటి చట్టము ప్రకారము రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. వెచ్చించిన ధర అయిదు లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

కావున అప్పుమీద కొన్నను బిల్లు అడుగుడు. అందు మందు పేరు, తయారీదారు, బ్యాచి నంబరు, గడువు, పరిమాణము, ధర ఉన్నవో లేవో చదువుకొనుడు. చదువురానివారు పిల్లలచేత చదివించుకొనుడు. సీసాపై మూలమీద నిలిచిన చతురస్రమును చూడుడు: క్రింది సగము ఎఱుపైనచో అతి తీవ్ర విషము, తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. అనుమానము కలిగినచో మిగిలిన మందును సీసాతో సహా దాచి, వ్యవసాయాధికారికి తెలుపుడు. ఆ సీసాను, మిగిలిన మందునెల్ల ఇంట పిల్లలకు అందని చోట తాళము వేసి యుంచుడు.

బిల్లు అడుగుట అంగడివానిని అవమానించుట కాదు. నిజాయితీ గల వర్తకునకు అది రక్ష; రైతునకు అది సాక్షి.