మౌనంగా కూర్చోవడమూ ప్రార్థనే

దుఃఖంలో మాట కన్నా తోడు మిన్న
క్రైస్తవంలో ‘కనిపెట్టుట’కు పెద్ద చోటు

(మా గ్రామీణ విలేకరి)

జగిత్యాల : గల్ఫ్‌లో చనిపోయిన కొడుకు శవం కోసం ఒక తల్లి ఇరవై రెండు రోజులు ఎదురుచూసింది. ఆ ఇరవై రెండు రోజులూ పొరుగింటి ముసలమ్మ ఒకావిడ వచ్చి ఆమె పక్కన గోడకు ఆనుకొని కూర్చునేది. ధైర్యం చెప్పలేదు. ఏడ్వవద్దనలేదు. దేవుని పేరు కూడా ఎత్తలేదు. పొద్దున ఇంటిపని ముగించుకొని వచ్చేది, దీపాలవేళకు లేచిపోయేది. అంతే.

అయిదో రోజున వార్త కోసం ఈ విలేకరి ఆ యింటికి వెళ్ళడం జరిగింది. ఏ దేశం, ఏ కంపెనీ, పోయి ఎన్నేళ్ళయింది, అప్పు ఎంత మిగిలింది అని వరుసగా అడగడం మొదలుపెట్టాను. తల్లి నా ముఖం వంక చూసిందే తప్ప నోరు విప్పలేదు. అప్పుడు ముసలమ్మ నా చేతిలోని నోటుబుక్కు వైపు చూసి, “బిడ్డా, రాసుకునేటియి రేపు రాసుకో. ఇయ్యాల జరసేపు కూసో” అన్నది.

సిగ్గుపడి కూర్చున్నాను. అరగంట గడిచింది. వాకిట్లో కోళ్ళ చప్పుడు, దూరంగా బోరుమోటారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ తరువాత తల్లి తనంత తానే మాట్లాడింది. “మొన్నటి ఐతారం ఫోన్ల మంచిగనే నవ్విండు సారూ” అన్నది. ప్రశ్నలతో రాని మాట మౌనంతో వచ్చింది.

ఆ తల్లిది హిందూ కుటుంబం. ముసలమ్మ చర్చికి పోయే మనిషి. బయటికి వచ్చాక, “వాళ్ళింట్లో నువ్వు ప్రార్థన చెయ్యలేదేం అవ్వా?” అని అడిగాను. “చేసిన గద బిడ్డా. కూసున్న గద” అన్నది.

ఆ ఒక్క మాటే ఈ వ్యాసానికి కారణం.

ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు

క్రైస్తవం అనగానే మన పల్లెల్లో చాలామందికి పాట, డోలకు, మైకు, పెద్దగొంతుతో ప్రసంగం గుర్తుకు వస్తాయి. అందులో తప్పేమీ లేదు. కాని ఆ మతంలో మౌనానికి, ఎదురుచూడటానికి వున్న చోటు బయటివారికే కాదు, లోపలివారిలో కూడా కొందరికి అంతగా తెలియదు.

బైబిలులో యోబు అనే ఆయన కథ వున్నది. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒంటినిండా పుండ్లు లేచాయి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు ఆయన్ను చూడవచ్చారు. ఆ బాధ ఎంత పెద్దదో చూసి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్కరూ నోరు మెదపకుండా ఆయనతోపాటు నేల మీద కూర్చున్నారు. ఆ తరువాత నోరు తెరిచారు. తెరిచినప్పటి నుంచి, నువ్వేదో పాపం చేసి వుంటావు, అందుకే ఇలా అయిందని సాధించడం మొదలుపెట్టారు. చివరకు వారు మాట్లాడినది సరికాదని దేవుడే చెప్పినట్టు ఆ గ్రంథంలో వున్నది. అంటే ఆ ముగ్గురూ చేసిన మంచిపని ఏదైనా వుంటే అది ఆ ఏడు దినాలు ఊరక కూర్చోవడమే.

చావు జరిగిన ఇంటికి పోయి కూర్చోవడం మన ఊళ్ళలోనూ వున్నదే. అయితే ఈమధ్య అక్కడ కూడా మాటలే ఎక్కువవుతున్నాయి. “ఆ ఏజెంటును ఎందుకు నమ్మినారు?”, “ముందుగానే దవాఖానల చూపెట్టుకోవద్దా?” అంటూ పోయినవాడి మీద, వున్నవారి మీద విచారణ జరుపుతున్నారు. యోబు స్నేహితులు మన మధ్య తక్కువేమీ కాదు.

మంచె మీది కావలి

తెలుగు క్రైస్తవులు వాడే ఒక మాట వున్నది - ‘కనిపెట్టుట’. దేవుని కోసం ఎదురుచూడటాన్ని తెలుగు బైబిలు ఈ మాటతోనే చెబుతుంది. కొత్త యంత్రం కనిపెట్టడం అనే అర్థం కాదిది. కళ్ళు తెరుచుకొని, మనసు పెట్టి కాచుకొని వుండటం. ‘పసిపిల్లను కనిపెట్టుకొని వుండు’ అంటామే, ఆ అర్థం.

ఈ మాట ఆదిలాబాద్ వైపు రైతుకు విడమర్చి చెప్పనక్కరలేదు. అడవి అంచున మక్కచేను వేసినవాడు రాత్రంతా మంచె మీద కూర్చుంటాడు. అడవిపందుల గుంపు ఏ దిక్కు నుంచి దిగుతుందో తెలియదు. కావలివాడు చేసే పని పైకి చూస్తే ఏమీ లేదు. దున్నడు, నాటడు, కోయడు. కాని అతడు నిద్రపోతే చేను మిగలదు. తెల్లవారేటప్పుడు తూరుపు వైపు అతడు చూసే చూపు మంచం మీద పడుకున్నవాడికి అర్థం కాదు. కీర్తనల గ్రంథంలో 130వ కీర్తనలో సరిగ్గా ఈ పోలికే వున్నది. తెల్లవారడం కోసం కాచుకొనే కావలివారి కంటే ఎక్కువగా తన ప్రాణం దేవుని కోసం కాచుకొంటున్నదని కీర్తనకారుడు చెప్పుకొన్నాడు. కావలివాడికి వున్న ధైర్యం ఒక్కటే. రాత్రి ఎంత పొడుగైనా తెల్లవారక మానదు.

తెలుగునాట ఈ కనిపెట్టడాన్ని ఒక సాధనగా నేర్పినవారిలో ముంగమూరి దేవదాసు ముఖ్యులు. లూథరన్ సంఘంలో పనిచేసిన ఆయన 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్‌ను స్థాపించారు. కోరికల చిట్టా చదవడం ఆపి దేవుని సన్నిధిలో కొంతసేపు ఊరక కూర్చోవాలని, చెప్పడం అయిన తరువాత వినడం కూడా వుండాలని ఆ సంఘం నేర్పుతూ వచ్చింది. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో జార్జి ఫాక్స్ మొదలుపెట్టిన క్వేకర్ల సంఘంలోనూ ఇటువంటి పద్ధతే వున్నది. వారి కూటాలలో అందరూ మౌనంగా కూర్చుంటారు. మనసులో నిజంగా ఒక మాట పుట్టినవారే లేచి చెబుతారు. ఎవరికీ పుట్టకపోతే మౌనంగానే లేచి ఇళ్ళకు పోతారు.

మన ప్రాంతానికి వస్తే, 19వ శతాబ్దం చివరి నాళ్ళలో ఉత్తర తెలంగాణకు వచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. 1978లో కరీంనగర్ డయాసిస్ ఏర్పడింది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కతోలికులు మొదట చందా మేత్రాసనం కింద వుండేవారు. 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది.

ఆరు గంటలు, ఏడు మాటలు

ఈ సంఘాలన్నిటికీ ఉమ్మడిగా వున్నది గుడ్ ఫ్రైడే. ఆనాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు. ఎండాకాలం, రేకుల కప్పు, ఆపైన ఏడు ప్రసంగాలు. వినేవారికి ఓపిక కావాలి.

ఇక్కడ ఒక లెక్క చూడదగినది. మార్కు సువార్త ప్రకారం యేసు సిలువ మీద వున్నది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా, అంటే ఆరు గంటలు. నాలుగు సువార్తలూ కలిపి చూసినా ఆయన పలికినవి ఏడు చిన్న మాటలు మాత్రమే. అన్నీ కలిపి చదివితే ఒక నిమిషం కూడా పట్టదు. మిగిలినదంతా మౌనమే.

ఆ మరునాడు శనివారం. ఆ రోజు గురించి సువార్తలలో దాదాపు ఏమీ లేదు. సమాధికి కాపలా పెట్టించారని ఒకచోట, శవానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకొన్న స్త్రీలు విశ్రాంతి దినం కాబట్టి ఊరక వున్నారని మరొకచోట వున్నది. ఆదివారం ఏమి జరుగుతుందో ఆ ఆడవారికి తెలియదు. వారి లెక్కలో అంతా అయిపోయింది. అయినా చేయవలసిన పని సిద్ధం చేసి పెట్టుకొని తెల్లవారడం కోసం కాచుకొన్నారు. కతోలిక ఆనవాయితీలో పవిత్ర గురువారం రాత్రి నుంచి ఈస్టర్ దాకా గంట మోగించరు. రోజూ వినబడే గంట వినబడకపోవడమే ఆ రోజుల ప్రార్థన.

శవం రావలసిన ఇంటిలో వుండేది ఈ శనివారమే. శుక్రవారం కబురు వచ్చేసింది, ఆదివారం ఇంకా రాలేదు.

రెండు వానలు

యాకోబు పత్రికలో రైతును చూసి ఓర్పు నేర్చుకోమని చెప్పారు. తొలకరి వాన, కడవరి వాన రెండూ పడేదాకా రైతు కాచుకొంటాడని అందులో వున్నది. ఆ వానలు మన వానలు కావు. యేసు పుట్టిన దేశంలో తొలకరి అక్టోబరు, నవంబరులలో పడుతుంది. ఎండకు బిగిసిన నేల మెత్తబడి గోధుమ, యవలు విత్తడానికి అదను అవుతుంది. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో పడుతుంది. అది గింజ పాలు పోసుకొని గట్టిపడటానికి. మొదటి వాన పడకపోతే విత్తనం లేదు, రెండోది పడకపోతే గింజ లేదు.

మనకు తొలకరి మృగశిర కార్తెతో. నెలలు వేరు గాని ఆకాశం వైపు చూసే చూపు ఒక్కటే. అయితే వాన కోసం చూసే రైతు చేతులు ముడుచుకొని కూర్చోడు. దుక్కి దున్ని పెట్టుకొంటాడు, పెంట తోలుకొంటాడు, విత్తనం తెచ్చి వుంచుకొంటాడు. వాన ఆయన చేతిలో లేదు. దుక్కి ఆయన చేతిలోనే వున్నది. ఎదురుచూడటానికి, సోమరితనానికి తేడా ఇదే.

ఈ తేడాకు పొరుగున వున్న నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి మంచి సాక్ష్యం. 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చిన స్కాట్లండు డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆస్పత్రిని నిలబెట్టారు. రాజా నర్సాగౌడ్ దానం చేశారు. ఆనాడు ఆ రోగాన్ని పూర్తిగా కుదిర్చే మందు లేదు. అడవి బాదం జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. అది చాలా నొప్పి, పైగా నెలలు, సంవత్సరాల తరబడి వేయించుకోవాలి. డాప్సోన్ మాత్ర 1940 దశకంలో గాని వాడుకలోకి రాలేదు. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1980 దశకం మొదట్లో. ఇసబెల్ కెర్ 1932లోనే కన్నుమూశారు. తాను ఎదురుచూసిన మందును ఆమె చూడలేదు. అయినా వున్న మందుతో పుండ్లు కడుగుతూ, కట్లు కడుతూ కాచుకొన్నారు.

మౌనం ఎక్కడ పనికిరాదు?

మౌనం మంచిదన్నాం కదా అని అన్నిచోట్లా నోరు మూసుకొని వుండమని కాదు. అదే కీర్తనల గ్రంథంలో ‘ఎంతకాలం?’ అని దేవుణ్ణే నిలదీసిన కీర్తనలు ఎన్నో వున్నాయి. యోబు కూడా ఏడు దినాల తరువాత గొంతెత్తి అడిగాడు. దొంగ వీసాలు అంటగట్టిన ఏజెంటు విషయంలో, జీతం ఎగ్గొట్టిన యజమాని విషయంలో ఓర్పు పట్టండని చెప్పడం ప్రార్థన కాదు, అన్యాయానికి కాపు కాయడం. అలాగే రోగం వచ్చినప్పుడు మందు మానేసి కాచుకొని వుండమనేవారిని, డబ్బు కడితే రేపటికల్లా అద్భుతం జరుగుతుందనేవారిని నమ్మరాదు. కనిపెట్టడం నేర్చిన మతంలో తొందరకు ధర కట్టి అమ్మడం చెల్లదు.

గల్ఫ్‌లో మరణం సంభవిస్తే అక్కడి ఆస్పత్రి, పోలీసు కాగితాలు, యజమాని ఒప్పుదల, మన రాయబార కార్యాలయం అనుమతి అన్నీ అయిన తరువాతగాని శవం విమానం ఎక్కదు. పాసుపోర్టు, వీసా నకళ్ళు ఇంట్లో వుంటే పని త్వరగా సాగుతుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దీనికి కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. అడగవలసిన చోట అడగాలి.

ప్లాస్టిక్ సంచిలో కాగితాలు

ఇరవై రెండో రోజు రాత్రి శంషాబాద్ విమానాశ్రయానికి పెట్టె వచ్చింది. తెల్లవారుజామున అంబులెన్సు ఊళ్ళోకి వచ్చింది. ముసలమ్మ అప్పటికే వాకిట్లో వున్నది. వారి ఆచారం ప్రకారమే అన్నీ జరిగాయి. ఆమె ఒక పక్కన నిలబడింది. దినాలు అయిన తరువాత చుట్టాలు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఆమె మాత్రం రావడం మానలేదు.

దరఖాస్తు రాసి పెట్టమని ఆ తల్లి నన్ను పిలిపించింది. కాగితాలు ఎక్కడున్నాయని అడిగితే ఆమెకు తెలియదు. ముసలమ్మ లేచి తన ఇంటికి పోయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. పాసుపోర్టు నకలు, వీసా కాగితం, కంపెనీ ఫోను నంబరు రాసిన చీటీ, ఎవరెవరు ఏ రోజు ఫోను చేశారో పిల్లలతో రాయించిన పేజీ అన్నీ అందులో వరుసగా వున్నాయి. ఆ ఇరవై రెండు రోజులూ ఆమె ఊరక కూర్చున్నదని నేను అనుకొన్నాను.

“చెత్తల వోతయని తీసి వెట్టిన బిడ్డా” అన్నది.

మొదటిసారి వెళ్ళిన నాడు నేను వార్త పంపలేదు. మరునాడు పంపాను. ఒక రోజు ఆలస్యమైంది. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు.