వీడియో కాల్‌లో కాన్ఫిడెన్స్: ముందు లైను, తర్వాతే ఇంగ్లిష్

ఈ ఎపిసోడ్ మా వాడరేవు నుంచే. వెనకాల సముద్రం హోరు వినిపిస్తే ఏమీ అనుకోకండి, దాని గురించి కూడా మాట్లాడుకుందాం.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, లింక్డిన్‌లో ఒక సీనియర్ 20 నిమిషాలు కాల్ ఇచ్చారు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. కాన్ఫిడెంట్‌గా ఎలా కనపడాలి?"

ఆ 20 నిమిషాలు చిన్నవి కావు. క్యాంపస్‌కి పెద్ద కంపెనీలు రాని కాలేజీలో చదివేవాళ్ళకి, లోపల పనిచేసే ఒక మనిషి మన రెజ్యూమె చూసి రిఫర్ చేయడమే చాలాసార్లు దారి. అందుకే టెన్షన్. ఆ టెన్షన్‌లో ఇంగ్లిష్ కోర్సు కొంటాం, చొక్కా ఇస్త్రీ చేస్తాం. లైను సంగతి మాత్రం చూడం.

లైనుకీ కాన్ఫిడెన్స్‌కీ ఏంటి సంబంధం? చెప్తాను. మామూలుగా ఒకరు అడగడం ఆపాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి ఎంత గ్యాప్ ఉంటుంది? 2009లో 10 భాషల మీద వచ్చిన ఒక పరిశోధనలో సగటు దాదాపు 200 మిల్లీసెకన్లని తేలింది. అంటే సెకనులో ఐదో వంతు. ఇక 2014లో జర్మనీ పరిశోధకులు ఫోన్ లైన్‌లో కావాలని ఆలస్యం పెట్టి జనం చేత మాట్లాడించారు. 1.2 సెకన్ల ఆలస్యానికే, అవతలి మనిషి స్నేహంగా లేడని, శ్రద్ధగా వినట్లేదని అనిపించింది. లేటు లైనుది, చెడ్డపేరు మనిషికి!

ఇప్పుడు మన సంగతి చూడండి. సిగ్నల్ రెండు గీతలు. వాళ్ళు అడిగింది మనకి లేటుగా వస్తుంది, మన జవాబు వాళ్ళకి ఇంకా లేటుగా వెళ్తుంది. "పిల్లాడికి తెలిసినట్టు లేదు" అనుకుంటారు. మనమేమో "నాకే కాన్ఫిడెన్స్ లేదు" అనుకుంటాం.

కాబట్టి ముందురోజే, అదే టైముకి, అదే చోట కూర్చుని ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేసి చూడండి. జూమ్‌లో ఇద్దరి మధ్య మంచి వీడియోకి 600 కేబీపీఎస్ కావాలి, ఉత్త మాటకైతే 100 లోపే చాలు. అందుకే కాల్ తడబడుతుంటే బిగుసుకుపోకండి. "మాట క్లియర్‌గా వినపడాలని వీడియో ఆపుతున్నానండి" అని చెప్పి ఆపేయండి. అలా చెప్పడమే కాన్ఫిడెన్స్.

ఆలస్యాన్ని దాచొద్దు, మాటతో నింపండి. ప్రశ్న రాగానే "మంచి ప్రశ్నండి, ఒక్క క్షణం" అనండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే "మీరు చెప్పండి" అని ఆగిపోండి.

సౌండ్ విషయం. మనవైపు సిగ్నల్ కోసం డాబా ఎక్కుతాం కదా, సముద్రపు గాలి నేరుగా మైకులోకి కొడుతుంది. మనకి తెలియదు, అవతలివాళ్ళకి బుస్సుమని వినపడుతుంది. గదిలో కిటికీ దగ్గర కూర్చోండి. వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. బ్లూటూత్ దాని వంతు ఆలస్యం అది కలుపుతుంది.

ఆ కిటికీ మీ ఎదురుగా ఉండాలి. వెనకాల ఉంటే కెమెరా ఆ వెలుతురుకి సర్దుకుని మీ ముఖాన్ని నల్లగా చూపిస్తుంది. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. రెండు స్టీలు డబ్బాలు పేర్చి, కెమెరా కంటి ఎత్తుకి వచ్చేలా ఆనించండి. కెమెరా పక్కన ఒక బొట్టుబిళ్ళ అతికించండి, మాట్లాడేటప్పుడు చూపు అక్కడికి వెళ్తుంది. ఇంట్లో వాళ్ళ ఫోన్ మధ్యలో రాకుండా డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి.

ఇంకోటి, మీ బొమ్మ మీకు కనపడకుండా చేయండి. జూమ్‌లో హైడ్ సెల్ఫ్ వ్యూ అని ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో జూమ్ అలసటకి చెప్పిన నాలుగు కారణాల్లో, గంటలకొద్దీ మన ముఖం మనమే చూసుకోవడం ఒకటి. క్రాఫు సర్దుకునేవాడికి ఎదుటివాళ్ళ మాట ఎక్కుతుందా?

ఇక ఏం మాట్లాడాలి? మొదటి అర నిమిషం బట్టీ పట్టకండి, నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి: పేరు, ఊరు, చేసిన ఒక పని, ఎందుకు కాల్ అడిగారో. ఉదాహరణకి: "మాది చీరాల దగ్గర వాడరేవండి. పడవలు ఒడ్డుకొచ్చాక చేపల రేట్లు చూపించే చిన్న యాప్ రాశాను. డేటాబేస్ దగ్గర ఆగిపోయాను. మీరు ఆ పనిలో ఉన్నారని అడిగాను." ఊరి పేరు మింగేయకండి. బీచ్‌కి వచ్చినవాళ్ళయితే అక్కడే మాట కలుస్తుంది. తెలుగువాళ్ళయితే "తెలుగులో మాట్లాడొచ్చా అండి?" అని అడగడంలో తప్పులేదు. ప్రతి ముక్కకీ "సార్ సార్" అనొద్దు, పేరు చివర గారు చాలు.

డాలస్‌లో ఉన్నవాళ్ళతో అయితే టైము చూసుకోండి. మార్చి నుంచి నవంబరు మొదటివారం దాకా మనం పదిన్నర గంటలు ముందు, మిగతా నెలల్లో పదకొండున్నర. మెసేజ్‌లో రెండు టైములూ రాయండి.

20 నిమిషాలు అన్నారంటే పద్దెనిమిదో నిమిషంలో మీరే "టైమ్ అవుతోందండి" అనండి. రిఫరల్ అప్పుడే అడగక్కర్లేదు. వాళ్ళు చెప్పిన ఒక పని చేసి, వారంలోపు "చేశానండి, ఇదిగో" అని పంపండి. ఆ మెసేజ్‌కి జవాబొస్తే అప్పుడు అడగండి.

ఈ రాత్రికే ఫ్రెండ్‌తో ఒక టెస్ట్ కాల్ చేయండి. నచ్చితే కాల్ ఉన్న మీ ఫ్రెండ్‌కి షేర్ చేయండి. ఉంటానండి!