మీకు తెలుసా? వేగము వెంట వేడిమి
1998లో ఇంటెల్ సంస్థ వెలువరించిన సెలెరాన్ 300ఏ ప్రాసెసరు, 66 మెగాహెర్ట్జుల బస్సు (సమాచార మార్గపు) వేగమును నాలుగున్నర రెట్లు చేసికొని 300 మెగాహెర్ట్జులతో పనిచేయుటకు ఉద్దేశింపబడినదే యైనను, మదర్‌బోర్డుపై ఆ బస్సు వేగమును 100కు హెచ్చించినంతనే పలుమారు 450 మెగాహెర్ట్జుల నందుకొని, తనకంటె బహుమూల్యమైన పెంటియం 2తో ఆటలయందు సరితూగినది. స్వహస్తములతో కంప్యూటరు కూర్చుకొను ఔత్సాహికులకు అంతటి వరము మరల లభించుట అరుదు.

అయితే ప్రాసెసరునందలి వేడిమి ప్రధానముగా వేగమును, వోల్టేజి వర్గమును అనుసరించి పెరుగును గనుక, వేగము మార్చకయే వోల్టేజిని 10 శాతము పెంచినను ఆ వేడిమి 21 శాతము హెచ్చును. ఈ వేడిమిని వెలికి గొనిపోవు హీట్‌సింకు క్రింద పూయు థర్మల్ పేస్టు కంటికానరాని సందులలోని గాలిని తొలగించుటకే గాని, లోహమువలె వేడిని కొనిపోజాలదు. కావున దానిని పలుచగనే పూయుడు.